డిస్కా, యంత్రమా? సెన్సిటివిటీ పరీక్షల్లో దేన్ని ఎక్కడ నమ్మాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. 150 పడకల ఆసుపత్రి ల్యాబ్. రోజుకు ఎనిమిది, పది కల్చర్లు పాజిటివ్ వస్తాయి. సెన్సిటివిటీ, అంటే క్రిమి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష, అంతా మందు పట్టించిన కాగితపు డిస్కులతోనే చేస్తారు. మూత్రంలో పెరిగిన ఒక క్లెబ్సియెల్లాకు మెరోపెనెమ్ జోన్ (డిస్క్ చుట్టూ పెరుగుదల లేని వలయం వ్యాసం) 18 మి.మీ. వస్తే, గోడమీది చార్టు చూసి ‘సెన్సిటివ్’ (లొంగుతుంది) అని రిపోర్ట్ ఇచ్చారు. అదే కాలనీని బయటి ల్యాబ్‌కు పంపితే ఆటోమేటెడ్ యంత్రం మీద ‘రెసిస్టెంట్’ (లొంగదు) అని తేలింది. దాంతో డిస్క్ పద్ధతికి కాలం చెల్లింది, యంత్రం కొందాం అని యాజమాన్యం అంటోంది. కొలిస్టిన్‌కు డిస్క్ పెట్టొచ్చా, ఈ-టెస్ట్ స్ట్రిప్పు సరిపోతుందా, జన్యువును వెతికే పీసీఆర్ ఉంటే ఇవేవీ అక్కర్లేదా అన్నవి మిగతా సందేహాలు.

ముందు ఆ 18 మి.మీ. సంగతి. మీ డిస్క్ తప్పు చెప్పలేదు, గోడమీది చార్టు చెప్పింది. ఎంటరోబ్యాక్టరేల్స్‌కు (క్లెబ్సియెల్లా, ఈ. కోలై ఉండే వర్గం) 10 మైక్రోగ్రాముల మెరోపెనెమ్ డిస్క్ పెడితే, అమెరికా ప్రమాణాల సంస్థ సీఎల్‌ఎస్‌ఐ పాత పట్టిక ప్రకారం 16 మి.మీ., ఆపైన సెన్సిటివ్. 2010లో ఆ బ్రేక్‌పాయింట్లు (సెన్సిటివ్, రెసిస్టెంట్‌లను విడదీసే హద్దు అంకెలు) మార్చారు. ఇప్పుడు 23, ఆపైన సెన్సిటివ్. 20 నుంచి 22 ఇంటర్మీడియట్. 19, ఆలోపు రెసిస్టెంట్. అంటే మీ 18 పాత పట్టికలో హాయిగా సెన్సిటివ్, కొత్తదాంట్లో రెసిస్టెంట్. ఐరోపావాళ్ల యూకాస్ట్ పట్టిక తీస్తే మూడో జవాబు దొరుకుతుంది. అక్కడ 22, ఆపైన సెన్సిటివ్; 16కు లోపు రెసిస్టెంట్; 18 మధ్యలో పడుతుంది. ఆ మధ్య గదిలో ఉండే ‘ఐ’ అక్షరానికి యూకాస్ట్ 2019 నుంచి ‘మందు మోతాదు, ఇచ్చే తీరు పెంచితే పనిచేస్తుంది’ అనే అర్థం ఇచ్చింది. జోన్ ఒక్కటే, జవాబులు మూడు. యంత్రం కొనే ముందు ఆ చార్టు చించేయండి. డిస్కుల సీసాతో వచ్చే కాగితాన్ని కూడా నమ్మకండి, అందులో అంకెలు ఏళ్లతరబడి మారకుండా ఉండిపోతాయి. సీఎల్‌ఎస్‌ఐ ఎం100, యూకాస్ట్ పట్టికలు రెండూ ఏటా కొత్తవి వస్తాయి, రెండూ నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. ఒక మందుకు ఇది, ఇంకో మందుకు అది అని కలపొద్దు. ఏ పట్టిక, ఏ సంవత్సరానిది అన్నది రిపోర్ట్ అడుగున అచ్చు వేయండి.

ఇక పద్ధతుల పోలిక. అన్నింటికీ మూలమైన కొలత ఒక్కటే: ఎంఐసీ, అంటే బ్యాక్టీరియా కంటికి కనిపించేలా పెరగకుండా ఆపగలిగే అతి తక్కువ మందు గాఢత. బ్రాత్ మైక్రోడైల్యూషన్ దాన్ని నేరుగా కొలుస్తుంది. డిస్క్ దాన్ని జోన్ వెడల్పు రూపంలో అంచనా వేస్తుంది. యంత్రం కొన్ని గాఢతల్లోనే పెరుగుదల వేగం చూసి లెక్కగడుతుంది. పీసీఆర్ అసలు ఎంఐసీ జోలికే పోదు, జన్యువు ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఏది ఎక్కడ బోల్తా పడుతుందో తేలిగ్గా అర్థమవుతుంది.

డిస్క్ డిఫ్యూజన్

బావర్, కిర్బీ, షెరిస్, టర్క్ 1966లో ప్రామాణికం చేసిన ఈ పద్ధతి ఒక పరుగు పందెం. డిస్క్ నుంచి మందు అగర్‌లోకి పాకుతుంది, మరోపక్క బ్యాక్టీరియా పెరుగుతుంది. జోన్ అంచు మొదటి కొద్ది గంటల్లోనే ఖాయమైపోతుంది, మర్నాడు ఉదయం మనం చూసేది ఆ ఫలితాన్నే. కాబట్టి మందు పాకే వేగాన్నో, బ్యాక్టీరియా మొదలయ్యే సంఖ్యనో మార్చే ప్రతి చిన్న పనీ జోన్‌ను మారుస్తుంది.

మొదటిది అగర్ మందం. ముల్లర్ హింటన్ అగర్ 4 మి.మీ. లోతు ఉండాలి. 90 మి.మీ. ప్లేటులో ఆ లోతు రావాలంటే 25 మి.లీ. పోయాలి. లీటరు మీడియంకు 40 ప్లేట్లు, అంతే. పొదుపు పేరుతో 15 మి.లీ. పోస్తే లోతు సుమారు 2.4 మి.మీ.కు పడిపోతుంది. మందు పక్కలకు ఎక్కువగా పాకి జోన్లు పెద్దవవుతాయి, రెసిస్టెంట్ క్రిమి సెన్సిటివ్‌గా కనిపిస్తుంది. పిండి కొద్దీ రొట్టె అన్నట్టే ఇదీ. ఆటోక్లేవ్ నుంచి తీసిన మీడియంను 45 నుంచి 50 డిగ్రీలకు చల్లార్చి, స్పిరిట్ లెవెల్‌తో సరిచూసిన బల్లమీద పోయండి. బల్ల వాలుగా ఉంటే ఒకే ప్లేటులో ఒక పక్క జోన్లు పెద్దవి, ఇంకో పక్క చిన్నవి వస్తాయి. గడ్డకట్టాక పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య ఉండాలి. పీహెచ్ తగ్గితే జెంటమైసిన్, అమికాసిన్ జోన్లు కుంచించుకుపోతాయి, టెట్రాసైక్లిన్ జోన్ పెరుగుతుంది. పెరిగితే దానికి రివర్స్.

రెండోది ఇనాక్యులమ్, అంటే పరీక్షకు వేసే బ్యాక్టీరియా మోతాదు. ఎక్కువ ల్యాబ్‌లు బోల్తా పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. బ్లడ్ అగర్ మీద 18 నుంచి 24 గంటలు పెరిగిన, ఒకేలా ఉన్న నాలుగైదు కాలనీల పైభాగాన్ని లూప్‌తో తాకి, స్టెరైల్ సెలైన్‌లో కలపాలి. దాని మసక 0.5 మెక్‌ఫార్లాండ్ అనే మసక ప్రమాణంతో సరిపోలాలి. అంటే మిల్లీలీటరుకు సుమారు 10 నుంచి 20 కోట్ల బ్యాక్టీరియా. ఆ ప్రమాణాన్ని ల్యాబ్‌లోనే చేసుకోవచ్చు: 1.175 శాతం బేరియం క్లోరైడ్ డైహైడ్రేట్ ద్రావణం 0.5 మి.లీ.ను 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 99.5 మి.లీ.కి కలుపుతూ పోవాలి. 625 నానోమీటర్ల దగ్గర దాని అబ్సార్బెన్స్ 0.08 నుంచి 0.13 మధ్య ఉండాలి. బిగుతుగా మూసి చీకట్లో పెట్టండి, వాడే ముందు ప్రతిసారీ బాగా వోర్టెక్స్ చేయండి. తెలుపు అడుగున పేరుకున్న గొట్టంతో పోల్చి చూడటం పోల్చకపోవడం కంటే ప్రమాదం. నల్ల గీతలున్న తెల్ల కార్డు ముందు రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టి, గీతలు రెండింట్లోనూ ఒకే మోతాదులో మసకబారాయా అని చూడండి. రెండూ ఒకే వ్యాసం, ఒకే గాజు అయి ఉండాలి. జిగురుగా సాగే క్లెబ్సియెల్లా కాలనీలు ముద్దలు కడతాయి కాబట్టి, వాటిని గొట్టం లోపలి గోడకు రుద్ది కరిగించాకే మసక చూడాలి. వీలుంటే చిన్న డెన్సిటోమీటర్ కొనండి. ఈ మొత్తం వ్యవహారంలో ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చే మొదటి పరికరం అదే.

తర్వాత ‘మూడు పదిహేనులు’. సస్పెన్షన్ కలిపిన 15 నిమిషాల్లో ప్లేటు మీద పూయాలి, పూసిన 15 నిమిషాల్లో డిస్కులు పెట్టాలి, పెట్టిన 15 నిమిషాల్లో ఇంక్యుబేటర్‌లోకి వెళ్లాలి. ఎందుకంటే డిస్కులు పెట్టిన ప్లేటు బల్లమీద గంట సేపు కూర్చుంటే బ్యాక్టీరియా పెరగకముందే మందు పాకిపోతుంది, జోన్లు ఉబ్బుతాయి. పూసిన ప్లేటు డిస్కుల కోసం కాచుకుంటే పెరుగుదల ముందే మొదలై జోన్లు తగ్గుతాయి. స్వాబ్‌ను సస్పెన్షన్‌లో ముంచి, ద్రవం పైన గొట్టం గోడకు నొక్కి తిప్పి పిండేయాలి. ప్లేటు మొత్తం రుద్ది, 60 డిగ్రీలు తిప్పి మళ్లీ, ఇంకో 60 తిప్పి మళ్లీ, చివర అంచు చుట్టూ ఒకసారి. మర్నాడు లాన్ (ప్లేటంతా పరుచుకున్న పెరుగుదల) విడివిడి చుక్కలుగా కాకుండా దాదాపు కలిసిపోయినట్టు ఉండాలి. కాలనీలు విడిగా లెక్కపెట్టగలిగేలా ఉంటే ఇనాక్యులమ్ పలచన అయినట్టే, ఆ ప్లేటు చదవకండి.

90, 100 మి.మీ. ప్లేటులో ఐదారు డిస్కులకు మించొద్దు. డిస్క్ అగర్‌ను తాకిందంటే ఇక కదపకూడదు, మందు అప్పటికే దిగడం మొదలవుతుంది. ప్లేట్లు ఐదుకు మించి దొంతర పెడితే మధ్యవి ఆలస్యంగా వేడెక్కుతాయి. 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు. డిస్కుల నిల్వ సీసాలు మైనస్ 20 డిగ్రీల్లో, వాడుతున్నవి ఫ్రిజ్‌లో డెసికెంట్‌తో ఉండాలి. బయటికి తీశాక గంట, రెండు గంటలు గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు. చల్లటి సీసా తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది, ఇమిపెనెమ్, క్లావులనేట్ కలిసిన డిస్కులు ముందుగా పాడయ్యేది ఆ చెమ్మకే. రాత్రి కరెంటు పోయి ఫ్రీజర్ కరిగిన ప్రతిసారీ ఆ తేదీ రాసిపెట్టుకుని, మర్నాడు క్యూసీ (నాణ్యత పరీక్ష) చేసి గానీ ఆ సీసాలు వాడకండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పేది క్యూసీ స్ట్రెయినే, అంటే జోన్ ఎంత రావాలో ముందే తెలిసిన క్రిమి. ఈ. కోలై ఏటీసీసీ 25922కు ఇమిపెనెమ్ జోన్ 26 నుంచి 32, జెంటమైసిన్ 19 నుంచి 26 మధ్య రావాలి. అంకె బయటికి పోయినప్పుడు దేనితో పోయిందో చూడండి. అన్ని మందులకూ జోన్లు ఒకేసారి చిన్నవైతే అగర్ మందం గానీ ఇనాక్యులమ్ గానీ ఎక్కువ. ఇమిపెనెమ్ ఒక్కటే తగ్గితే ఆ డిస్కులే చచ్చాయి. సూడోమోనాస్ ఏటీసీసీ 27853కు జెంటమైసిన్ తప్పి, ఈ. కోలైకి బాగానే వస్తే మీడియం బ్యాచ్‌లో కాల్షియం, మెగ్నీషియం తేడా ఉంది. ఈ. ఫీకాలిస్ ఏటీసీసీ 29212కు కోట్రైమాక్సజోల్ జోన్ లోపల పెరుగుదల కనిపిస్తే మీడియంలో థైమిడిన్ ఎక్కువ.

ఇంత శ్రమతో చేసిన డిస్క్ మనకు ఇచ్చేది తక్కువేం కాదు. స్టాఫ్ ఆరియస్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగని రకం) పట్టడానికి 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ డిస్క్ (22, ఆపైన సెన్సిటివ్, 21, ఆలోపు రెసిస్టెంట్) ఇవాళ్టికీ ఢోకా లేని పరీక్ష. షరతు ఒక్కటే: 35 డిగ్రీలు దాటకూడదు. వేసవిలో ఇంక్యుబేటర్ 37కు ఎగబాకితే ఎంఆర్‌ఎస్‌ఏ తప్పించుకుంటుంది. ఎరిత్రోమైసిన్, క్లిండమైసిన్ డిస్కులు 15 నుంచి 26 మి.మీ. దూరంలో పెడితే ఎరిత్రోమైసిన్ ప్రేరేపించే క్లిండమైసిన్ రెసిస్టెన్స్ ‘డి’ ఆకారపు జోన్‌గా కంటికే కనిపిస్తుంది. టైఫాయిడ్ క్రిమికి సిప్రోఫ్లాక్సాసిన్ సంగతి పెఫ్లాక్సాసిన్ 5 మైక్రోగ్రాముల డిస్క్ చెప్పేస్తుంది: 24, ఆపైన సెన్సిటివ్, 23, ఆలోపు రెసిస్టెంట్. అన్నిటికీ మించి, జోన్ లోపల విడిగా మొలిచిన రెండు కాలనీలు మీకు కనిపిస్తాయి. కల్చర్ కలగలిసిందా, రెసిస్టెంట్ ఉపసమూహం ఉందా అని మీరు ఆగి ఆలోచిస్తారు. యంత్రం కార్డులోని చిన్న గుంటలో (బావిలో) ఆ కాలనీలు కనిపించవు.

డిస్క్ చేతకానిచోట్లు కూడా స్పష్టం. స్టాఫ్‌కు వ్యాంకోమైసిన్, డాప్టోమైసిన్, గ్రామ్ నెగటివ్‌లకు కొలిస్టిన్. ఇవి పెద్ద అణువులు, అగర్‌లో ఈడ్చుకుంటూ కదులుతాయి. ఎంఐసీ 1 ఉన్న క్రిమికీ 8 ఉన్న క్రిమికీ జోన్‌లో తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటే దాన్ని స్కేలుతో విడదీయలేం. ఈ డిస్కుల రిపోర్ట్ ఇవ్వకండి. డాక్టర్ గారు అడిగినా ఇవ్వకండి.

ఈ-టెస్ట్ లాంటి గ్రేడియంట్ స్ట్రిప్పులు

ఒక మందు, ఒక క్రిమి, ఎంఐసీ కావాలి అన్నప్పుడు ఇవి చాలా సుఖం. రక్తంలో స్ట్రెప్టోకాకస్‌కు పెనిసిలిన్, టైఫాయిడ్‌కు అజిత్రోమైసిన్ లాంటివాటికి ఇవి అక్కరకొస్తాయి. ప్లేటు, ఇనాక్యులమ్ నియమాలన్నీ డిస్కువే. చదవడంలోనే తేడా. జోన్ ఇక్కడ కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. దాని అంచు స్ట్రిప్పును కోసిన చోట అంకె చదవాలి. రెండు పక్కలా వేర్వేరు అంకెల దగ్గర కోస్తే పెద్దది తీసుకోవాలి. స్ట్రిప్పు మీద రెండింతల మెట్లకు మధ్య కూడా అంకెలుంటాయి. 1.5 అని వస్తే దాన్ని 2గా, 0.19 వస్తే 0.25గా పైకి జరిపాకే బ్రేక్‌పాయింట్‌తో పోల్చాలి. ఈ చిన్న మెట్టు మరిచిపోయి ‘1.5 అంటే 1కి దగ్గరే కదా’ అనుకుంటే మెరోపెనెమ్ విషయంలో ఇంటర్మీడియట్ కాస్తా సెన్సిటివ్ అయిపోతుంది. స్ట్రిప్పు కింద గాలి బుడగ ఉంటే కింది చివర నుంచి ఫోర్సెప్స్ కొసతో నెమ్మదిగా నొక్కాలి, పైకి ఎత్తకూడదు. వ్యాంకోమైసిన్‌కు పూర్తి 24 గంటలు ఆగి, ప్లేటును వెలుతురుకు వాల్చి, సన్నటి పొగలాంటి పెరుగుదలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొలిస్టిన్ స్ట్రిప్పు మాత్రం కొనొద్దు. అదీ అగరే, అదే ఈడ్పు.

బ్రాత్ మైక్రోడైల్యూషన్

మిగతావన్నీ దేనితో పోల్చి ఖాయం చేస్తారో అది ఇది. 96 బావుల ట్రే, కాల్షియం లీటరుకు 20 నుంచి 25 మి.గ్రా., మెగ్నీషియం 10 నుంచి 12.5 మి.గ్రా. ఉండేలా సరిచేసిన ముల్లర్ హింటన్ బ్రాత్. ప్రతి బావిలో కావలసినదానికి రెండింతల గాఢతలో మందు 50 మైక్రోలీటర్లు. 0.5 మెక్‌ఫార్లాండ్ సస్పెన్షన్‌ను బ్రాత్‌లో 100 రెట్లు పలచన చేసి, అందులోంచి 50 మైక్రోలీటర్లు కలిపితే మందు సగమవుతుంది, బ్యాక్టీరియా మిల్లీలీటరుకు సుమారు 5 లక్షలు అవుతుంది. ఈ 5 లక్షలు అన్నదే ప్రాణం. 50 లక్షలైతే ఈఎస్‌బీఎల్ (సెఫలోస్పోరిన్ మందులను విరగ్గొట్టే ఎంజైమ్) ఉన్న క్రిమికి ఎంఐసీ పైకి ఎగురుతుంది, 50 వేలైతే రెసిస్టెంట్‌ది కూడా లొంగినట్టు కనిపిస్తుంది. సరిచూడటం తేలికే: కంట్రోల్ బావి నుంచి కలిపిన వెంటనే 10 మైక్రోలీటర్లు తీసి 10 మి.లీ. సెలైన్‌లో వేసి, అందులోంచి 0.1 మి.లీ. ప్లేటు మీద పరిస్తే మర్నాడు 50 కాలనీల దరిదాపుల్లో రావాలి.

మందు పొడి తూకంలో పొటెన్సీ లెక్క తప్పనిసరి. మిల్లీగ్రాముకు 750 మైక్రోగ్రాముల పొటెన్సీ ఉన్న పొడితో మిల్లీలీటరుకు 1280 మైక్రోగ్రాముల స్టాక్ 25 మి.లీ. కావాలంటే 25 × 1280 ÷ 750, అంటే 42.7 మి.గ్రా. తూచాలి. వార్డులోని ఇంజెక్షన్ సీసాను స్టాక్‌గా వాడకండి. కొలిస్టిన్ విషయంలో ఇది మరీ ఘోరం. ఇంజెక్షన్‌లో ఉండేది కొలిస్టిమెథేట్ సోడియం, అది శరీరంలో విడిపోయి కొలిస్టిన్‌గా మారే రూపం. పరీక్షకు కావలసింది కొలిస్టిన్ సల్ఫేట్.

16 నుంచి 20 గంటల తర్వాత చదివేటప్పుడు మధ్యలో ఒక బావి ఖాళీగా ఉండి దాని పైగాఢతలో మళ్లీ పెరుగుదల కనిపించొచ్చు. అలాంటిది ఒక్కటే అయితే పైదాని లెక్కన ఎంఐసీ తీసుకోండి, ఒకటి కంటే ఎక్కువైతే ఆ మందు మళ్లీ చేయండి. ఇంకోటి గుర్తుంచుకోవాలి: రెండింతల మెట్లలో ఒక మెట్టు అటూ ఇటూ రావడం ఈ పద్ధతికి సహజం. ఇవాళ 1, రేపు 2 వస్తే రెండూ ఒకే జవాబు. బ్రేక్‌పాయింట్ పక్కనే ఉన్న క్రిమికి ఇద్దరి రిపోర్టులు వేరుగా రావడానికి చాలాసార్లు కారణం ఇదే, ఎవరి తప్పూ కాదు.

రోజుకు పది కల్చర్ల ల్యాబ్‌లో దీన్ని ప్రతిదానికీ చేయడం అనవసరం. కొలిస్టిన్‌కూ, వివాదం వచ్చినప్పుడూ చేయగలిగితే చాలు.

కొలిస్టిన్‌కు దారి

2016లో సీఎల్‌ఎస్‌ఐ, యూకాస్ట్ ఉమ్మడి బృందం కొలిస్టిన్‌కు బ్రాత్ మైక్రోడైల్యూషనే వాడాలని తేల్చింది. సల్ఫేట్ ఉప్పు, ఏ సర్ఫాక్టెంటూ కలపకూడదు, ప్రత్యేక పూత లేని మామూలు పాలీస్టైరీన్ ట్రే. ట్రే చేసుకునే తీరిక లేనివాళ్లకు సీఎల్‌ఎస్‌ఐ ఒప్పుకున్న డిస్క్ ఎల్యూషన్ ఉంది. ఎంటరోబ్యాక్టరేల్స్‌కూ, సూడోమోనాస్ ఎరుగినోసాకూ ఇది చెల్లుతుంది. అసినెటోబ్యాక్టర్‌కు దీన్ని వాడకండి.

నాలుగు గొట్టాల్లో 10 మి.లీ. చొప్పున అదే బ్రాత్ పోసి 0, 1, 2, 4 అని రాయండి. 10 మైక్రోగ్రాముల కొలిస్టిన్ డిస్కులు మొదటి గొట్టంలో ఏమీ వేయకుండా, మిగతావాటిలో ఒకటి, రెండు, నాలుగు వేయండి. 10 మి.లీ.లో 10 మైక్రోగ్రాములు కాబట్టి డిస్కుల సంఖ్యే మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల గాఢత. మెల్లగా తిప్పి గది వేడి దగ్గర అరగంట వదిలేస్తే మందు దిగుతుంది. ఒక్కో గొట్టానికి 0.5 మెక్‌ఫార్లాండ్ సస్పెన్షన్ 50 మైక్రోలీటర్లు వేసి, నెమ్మదిగా కలిపి, మూత బిగించి 16 నుంచి 20 గంటలు ఇంక్యుబేట్ చేయండి. మర్నాడు గొట్టాలను వెలుతురుకు పట్టుకుని చూస్తే అడుగున డిస్కులు మెత్తబడి ఉంటాయి. డిస్క్ పీచును చూసి మసక అనుకోవద్దు. ‘0’ గొట్టంతో పోల్చండి, అది మసకగా లేకపోతే పరీక్షే లేదు. పెరుగుదల లేని మొదటి గొట్టం అంకే ఎంఐసీ. 1, 2 గొట్టాలు రెండూ మసకగా ఉంటే ఎంఐసీ 4 గానీ అంతకు మించి గానీ, అది రెసిస్టెంట్. 2020 నుంచి సీఎల్‌ఎస్‌ఐలో కొలిస్టిన్‌కు ‘సెన్సిటివ్’ అన్న గడే లేదు: 2, ఆలోపు ఇంటర్మీడియట్, 4, ఆపైన రెసిస్టెంట్. మందు సరిగ్గా పడిన క్రిమి మీద కూడా ఫలితం అంతంతమాత్రమే అని ఆ మార్పుకు అర్థం, రిపోర్ట్‌లో ఆ మాట ఒక వాక్యంగా రాయండి. ఇదే పూట ఈ. కోలై 25922ను పక్కన పెట్టాలి, దాని పరిధి 0.25 నుంచి 2.

ఆటోమేటెడ్ యంత్రాలు

వీటి బలం నిజమైనది. 64 బావుల కార్డులో పెరుగుదలను పావుగంటకోసారి కొలిచి, చాలా క్రిములకు అదే పూటలో జవాబు ఇస్తాయి, క్రిమి పేరు కూడా చెబుతాయి, చేతి తేడా తగ్గుతుంది. రక్తం కల్చర్లు ఎక్కువగా వచ్చే ఐసీయూ ఉంటే ఆ గంటలు విలువైనవి.

కానీ యంత్రం ఇనాక్యులమ్‌ను తనంత తాను సరిచేయదు. వైటెక్ 2 అనే యంత్రంలో గ్రామ్ నెగటివ్‌లకు 0.45 శాతం సెలైన్ 3 మి.లీ.లో 0.5 నుంచి 0.63 మెక్‌ఫార్లాండ్ సస్పెన్షన్ చేసి, అందులోంచి 145 మైక్రోలీటర్లు ఇంకో 3 మి.లీ. గొట్టంలోకి వేయాలి, గ్రామ్ పాజిటివ్‌లకు 280. ఈ రెండు అంకెలు తారుమారైతే యంత్రం ఏ హెచ్చరికా లేకుండా అందమైన రిపోర్ట్ అచ్చేస్తుంది. రెండు రకాల కాలనీలు కలిసినా అంతే. అందుకే ప్రతి కార్డు సస్పెన్షన్ నుంచీ ఒక ప్యూరిటీ ప్లేటు గీయాలి. మర్నాడు దాన్ని చూశాకే రిపోర్ట్ ఖాయం చేయాలి. రెండోది, సాఫ్ట్‌వేర్ బ్రేక్‌పాయింట్లు. మీ గోడమీది చార్టుకు పట్టిన గతే యంత్రం లోపల కూడా పడుతుంది, కాకపోతే అక్కడ పాతబడింది కంటికి కనిపించదు. సరఫరాదారు దగ్గర ఏ సంవత్సరం పట్టిక నడుస్తోందో రాతపూర్వకంగా తీసుకోండి. మూడోది కార్డు గాఢతల పరిధి. బ్రేక్‌పాయింట్ కిందికి దిగినప్పుడు పాత కార్డులో ఆ గాఢతే ఉండకపోవచ్చు. టైఫాయిడ్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ 0.06 దగ్గర సెన్సిటివ్, కార్డు 0.25 దగ్గర మొదలైతే దాని జవాబు మీకు పనికిరాదు. కొలిస్టిన్‌కు యంత్రం చెప్పిన ‘తక్కువ’ ఎంఐసీని బ్రాత్‌తో ఖాయం చేయకుండా బయటికి పంపొద్దు.

కొన్నా సరే, మొదటి రోజే రిపోర్టులు ఇవ్వకండి. కనీసం 30 క్రిములను పాత పద్ధతితో పోల్చాలి. ఒక మెట్టు తేడాలోపు ఎంఐసీ ఏకీభావం, ఎస్-ఐ-ఆర్ (సెన్సిటివ్, ఇంటర్మీడియట్, రెసిస్టెంట్) ఏకీభావం రెండూ 90 శాతం కంటే తగ్గకూడదు. ఇక్కడ లెక్క జాగ్రత్త. రెసిస్టెంట్ క్రిమిని సెన్సిటివ్ అనడం అన్నిటికంటే పెద్ద తప్పు, దాన్ని మొత్తం క్రిములతో కాదు, రెసిస్టెంట్ వాటితో భాగించాలి. వంద పరీక్షల్లో రెసిస్టెంట్‌వి ఐదే ఉండి వాటిలో ఒకటి తప్పితే అది 1 శాతం కాదు, 20 శాతం. సరఫరాదారు ఇచ్చే అంకెల్లో ముందు ఈ భాగహారం చూడండి. పోలికకు ఎంచుకునే క్రిముల్లో రెసిస్టెంట్‌వి ధారాళంగా పెట్టండి.

పీసీఆర్, త్వరిత పరీక్షలు

మెరోపెనెమ్ లాంటి మందులను విరగ్గొట్టే కార్బాపెనెమేజ్ ఎంజైమ్‌ల జన్యువులు, అంటే కేపీసీ, ఎన్‌డీఎం, విమ్, ఇంప్, ఓఎక్స్‌ఏ-48 రకాలు, ఉన్నాయో లేవో గంటలోపు చెప్పే కార్ట్రిడ్జ్ పీసీఆర్‌లు ఉన్నాయి, పావుగంటలో చెప్పే ల్యాటరల్ ఫ్లో కిట్లూ ఉన్నాయి. మన దేశంలో ఎన్‌డీఎం, ఓఎక్స్‌ఏ-48 రకాలే ముఖ్యం కాబట్టి ఆ రెండూ లేని కిట్ కొనొద్దు. ఏ జన్యువో తెలిస్తే మందు మారుతుంది: సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ కేపీసీ, ఓఎక్స్‌ఏ-48 మీద పనిచేస్తుంది, ఎన్‌డీఎం మీద పనిచేయదు. అక్కడ అజ్‌ట్రియోనామ్ జోడించాల్సి వస్తుంది.

జన్యువు దొరికితే నమ్మండి. దొరకకపోతే ‘సెన్సిటివ్’ అని రాయకండి. ఈఎస్‌బీఎల్ ఉన్న క్లెబ్సియెల్లా గోడలోని పోరిన్‌ను (మందు లోపలికి వెళ్లే రంధ్రం) పోగొట్టుకుంటే ఏ కార్బాపెనెమేజ్ జన్యువూ లేకుండానే మెరోపెనెమ్‌కు లొంగదు. కొలిస్టిన్‌కూ ఇదే కథ. 2015లో చైనా నుంచి వెల్లడైన ఎంసీఆర్-1 జన్యువు కోసం పీసీఆర్ పెట్టి నెగటివ్ వచ్చిందని సంతోషిస్తే, క్రోమోజోమ్‌లోని ఎంజీఆర్‌బీ జన్యువు దెబ్బతినడం వల్ల రెసిస్టెంట్ అయిన క్లెబ్సియెల్లా జారిపోతుంది. మన దగ్గరి క్లెబ్సియెల్లాలో కొలిస్టిన్ రెసిస్టెన్స్‌కు ప్రధాన దారి అదే. పీసీఆర్ డిస్క్‌కు తోడు, దానికి బదులు కాదు.

మీ ల్యాబ్‌కు ఏది

రోజుకు పది కల్చర్లకు నా ఓటు డిస్క్‌కే. డెన్సిటోమీటర్, సరైన క్యూసీ స్ట్రెయిన్లు, కొత్త పట్టిక, వ్యాంకోమైసిన్‌కు స్ట్రిప్పులు, కొలిస్టిన్‌కు డిస్క్ ఎల్యూషన్ పెట్టుకోండి. క్యూసీ మొదట 20 లేక 30 రోజులు వరసగా రోజూ చేసి, ఒక్కో మందుకు 20లో ఒకటి, 30లో మూడు కంటే ఎక్కువ తప్పకపోతే వారానికోసారికి మారొచ్చు. ఐసీయూ పెరిగి రక్తం కల్చర్లే రోజుకు పది దాటితే అప్పుడు యంత్రం గురించి మాట్లాడండి. అప్పుడు కూడా డిస్కులు తీసేయకండి.

ఆ క్లెబ్సియెల్లా స్లాంట్ (గొట్టంలో దాచిన కల్చర్) ఇంకా ఉంటే పారేయకండి, దాని మీద ఎంసీఐఎం, అంటే కార్బాపెనెమేజ్ ఉందో లేదో చూసే పరీక్ష, చేయండి, ఖర్చు దాదాపు లేదు. బ్లడ్ అగర్ మీది పెరుగుదలను 1 మైక్రోలీటర్ లూప్‌తో నిండుగా తీసి 2 మి.లీ. ట్రిప్టిక్ సోయ్ బ్రాత్‌లో కలపండి. అందులో 10 మైక్రోగ్రాముల మెరోపెనెమ్ డిస్క్ ముంచి 35 డిగ్రీల్లో 4 గంటలు, పావుగంట అటూ ఇటూ, ఉంచండి. పక్కనే ఇంకో గొట్టంలో 0.5 మోలార్ ఈడీటీఏ (లోహాన్ని పట్టేసే రసాయనం) 20 మైక్రోలీటర్లు అదనంగా వేసి అదే పని చేయండి. గంటలు నిండబోతుండగా ఈ. కోలై 25922 లాన్ సిద్ధం చేసుకుని, డిస్కులను లూప్‌తో తీసి, గొట్టం అంచుకు ఒత్తి నీరు వదిలించి లాన్ మీద పెట్టండి. నీరు వదిలించకపోతే చుట్టూ మడుగు కట్టి అంచు చెడుతుంది. మర్నాడు మొదటి డిస్క్ చుట్టూ జోన్ 6 నుంచి 15 మి.మీ. అయితే క్రిమి మెరోపెనెమ్‌ను తినేసినట్టు, కార్బాపెనెమేజ్ ఉంది. 19, ఆపైన అయితే లేదు. 16 నుంచి 18 మధ్య వస్తే తేలనట్టే, కానీ ఆ జోన్ లోపల చిన్న చుక్క కాలనీలు కనిపిస్తే పాజిటివ్‌గా తీసుకోవాలి. ఈడీటీఏ డిస్క్ జోన్ మొదటిదానికంటే 5 మి.మీ. గానీ ఎక్కువ గానీ పెరిగితే అది ఎన్‌డీఎం లాంటి మెటాలో ఎంజైమ్. పెరగకపోతే మన దగ్గర ముందు అనుమానించాల్సింది ఓఎక్స్‌ఏ-48 రకం. ఫలితం ఏదైనా, ఆ రోగి వార్డుకు ఫోన్ చేసి పాత రిపోర్ట్ రద్దయిందని చెప్పి, సవరించిన రిపోర్ట్‌ను అదే రోజు పంపండి.